కామెర్లు తగ్గుతాయని పసిబిడ్డను ఎండకు పట్టే ముందు

పగటి వెలుతురులో బిడ్డ నుదుటిని, ఛాతీని వేలితో మెల్లగా నొక్కి వదలండి. నొక్కినచోట పసుపుపచ్చగా కనిపిస్తే కామెర్లు కావచ్చు. పుట్టిన 24 గంటల్లోపే వచ్చినా, అరికాళ్లకు పాకినా, బిడ్డ పాలు తాగక మత్తుగా పడుకున్నా ఎండ సంగతి వదిలేసి వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. కంటి అంచనా చాలదు, ఒళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ ఎంతుందో పరీక్ష చేయించాలి.

దవాఖానలో దీపాల వెలుగుతో చేసే ఫోటోథెరపీకి ఎండ బదులు కాదు. అక్కడ నీలికాంతి లెక్కప్రకారం పడుతుంది. ఎండలో మోతాదు తెలియదు, లేత చర్మం కాలుతుంది.

డాక్టర్ సరేనన్నా వరంగల్ ఎండాకాలంలో డాబా ఎక్కించొద్దు. చలికాలం పొద్దున బట్టలు విప్పితే ఒళ్లు చల్లబడుతుంది, అదీ ప్రమాదమే.

తల్లిపాలు రోజుకు 8–12 సార్లు పట్టండి. బిలిరుబిన్ ఎక్కువగా మలంతోనే బయటికి పోతుంది. గ్లూకోజ్ నీళ్లు వద్దు. పసరు, వాతలు అసలే వద్దు.