సర్కారు తుమ్మ మళ్లీ లేవకుండా

సిరొంచలో ప్రాణహిత ఒడ్డున మా చేనుంది. గట్టు మీది సర్కారు తుమ్మను రెండేళ్లు గొడ్డలితో నరికించాను. నరికిన ప్రతి మొద్దుకూ గుత్తులుగా పిలకలు లేచేవి. మూడో ఏడు గడ్డపారతో మొదలు చుట్టూ తవ్వి చూస్తే అప్పుడు తెలిసింది: మట్టి లోపల, వేరు మెడ దగ్గర, అంటే కాండం వేరుతో కలిసే చోట, గోరంత మొగ్గలు. జానెడున్నర లోతుకు తవ్వి, ఆ మెడ కిందే వేరు కోసి మొద్దు పెకిలించాం. మట్టి తడిగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి. ఆ మొదళ్లు మళ్లీ చిగురించలేదు.

అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టిది, 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు. తీపి కాయలు తిన్న మేకల పెంటికల్లోంచీ మొలుస్తుంది, అందుకే కాయ పండకముందే కొడుతున్నాం. ఒడ్డు కోసుకుపోకుండా ఖాళీలో వెంటనే కానుగ నాటాను.