పక్క రాష్ట్రం కోర్టులో పాత వాయిదా తప్పిందా? లాయర్‌కు డబ్బు లేకపోయినా దారి ఉంది

సమస్య: పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌లో ‘కేసు పెండింగ్’ అని తేలింది. లేదా ఎప్పుడో ఉద్యోగం చేసిన ఊరి పోలీసులు ఫోన్ చేసి, మీ మీద ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ అరెస్ట్ వారెంట్ ఉందన్నారు.

ముందు ఆ ఫోన్ నిజమో కాదో తేల్చుకోండి. ‘ఇంత పంపితే వారెంట్ తీసేయిస్తాం’ అన్నారంటే మోసమే. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పేరుతో వెతకండి. పూర్తి పేరు కొట్టొద్దు. మన ఇంటిపేర్లను అక్కడివాళ్లు ఎలా వినపడితే అలా రాసేస్తారు, నాలుగక్షరాలు కొడితే చాలు. ఎఫ్ఐఆర్ నంబర్ ఉంటే ఇంకా సులువు. కేసు దొరికాక, ఆ కేసుకు మాత్రమే ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ రాసిపెట్టుకోండి.

కారణం: చాలాసార్లు పారిపోవడం కాదు, అడ్రస్ మారడం. మా బావమరిది బెంగళూరులో పీజీలో ఉన్నప్పుడు అతని బైకు ఒకాయనకు తగిలింది. స్టేషన్‌లోనే బెయిలిచ్చి పంపితే కేసు అయిపోయిందనుకున్నాడు. ఛార్జిషీట్ తర్వాత పడింది. ఆరేళ్లకు ఫైలు తిప్పి చూస్తే ఆ పీజీ అడ్రస్‌కు వెళ్లిన సమన్లు, ‘ఇక్కడ లేడు’ అని కన్నడంలో రాసి వెనక్కొచ్చి ఉన్నాయి. తర్వాత బెయిలబుల్ వారెంట్, ఆపైన నాన్ బెయిలబుల్. ఏళ్లు గడిస్తే అదే పోతుందనుకోవద్దు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 72(2), అంటే పాత సీఆర్పీసీలో 70(2) ప్రకారం, అమలయ్యే దాకా లేదా ఇచ్చిన కోర్టు రద్దు చేసే దాకా వారెంట్ బతికే ఉంటుంది.

పరిష్కారం: మీరే వెళ్లి వారెంట్ రీకాల్ పిటిషన్, అంటే వారెంట్ రద్దు చేయమని అర్జీ వేయడం. పోలీసులు పట్టుకొచ్చిన మనిషికీ, తనంతట తాను వచ్చిన మనిషికీ కోర్టు దృష్టిలో చాలా తేడా ఉంటుంది.

లాయర్ కోసం 15100కి ఫోన్ చేయండి, లేదా కేసు నడుస్తున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆధార్, ఆదాయ లేదా కుల ధ్రువపత్రం, కేసు ప్రింటవుట్, ఊరు మారినట్టు చూపే అద్దె ఒప్పందం లాంటిది దగ్గర పెట్టుకోండి.

బెయిలబుల్ కేసైతే ఖర్చుల కింద కొంత కట్టించుకుని, కొత్త బాండు తీసుకుని రీకాల్ చేయడం మామూలే. పెద్ద సెక్షన్లుంటే రిమాండ్ చేసే అవకాశం ఉంది కాబట్టి బెయిల్ పిటిషన్ కూడా సిద్ధం చేయించుకున్నాకే హాలులో అడుగుపెట్టండి.

సమస్య: కోర్టులో ‘లోకల్ షూరిటీ తెండి’ అన్నారు, అంటే మీకు జామీను ఉండే ఆ ఊరి మనిషిని.

అసలు చిక్కు ఇక్కడే. ఆ ఊళ్లో ఆస్తి ఉన్నవాడు మనకెక్కడ దొరుకుతాడు? 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి ఇదే ఎదురైంది. షూరిటీగా వచ్చిన సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టారు. దక్షిణాది మనిషి బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుడైన షూరిటీని ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. 2023 జనవరిలోనూ సుప్రీంకోర్టు, లోకల్ షూరిటీ షరతు పెట్టకుండా ఉండొచ్చని సూచించింది. ఈ రెండూ మీ లాయర్‌కు గుర్తుచేయండి. సొంత పూచీకత్తు మీద గానీ, షూరిటీకి బదులు నగదు డిపాజిట్ మీద గానీ వదలమని అడిగించండి.

సమస్య: ప్రతి వాయిదాకూ అంత దూరం పోలేను.

లాయర్ ద్వారా బీఎన్ఎస్ఎస్ 355 కింద గైర్హాజరు పిటిషన్ వేయించండి. చిన్న కేసే కదా, తప్పొప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుందని ఎవరైనా అంటే ఆగండి. అది శిక్ష పడినట్టే లెక్క, ఉద్యోగాల ఫారాల్లో రాయాల్సి వస్తుంది.

రీకాల్ అయిన రోజే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. స్టేషన్ రిజిస్టర్‌లో పాత వారెంట్ అలాగే ఉండిపోవచ్చు. మా బావమరిది ఆ కాపీ ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. దాని ఫోటో ఇప్పటికీ ఫోన్‌లోనే ఉంది.