డైవింగ్‌కి ఏ దీవి అని కాదు, ఏ నెల అని అడగండి

"బావా, మాల్దీవులా, అండమానా? జులైలో అయితే టికెట్లు బాగా తక్కువకి వస్తున్నాయి. బుక్ చేసేయనా?" అంటూ మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగే స్కూబా డైవింగ్ మీద వాడికి మోజు పుట్టి నెలైంది. ఫోన్ నిండా నీలం నీళ్లు, చారల చేపలు, నీళ్లలోంచి వేళ్లు కలిపి ఓకే చూపిస్తున్న జనం. అండమాన్ నీళ్లు జులైలో అలా ఉండవని వాడికి తెలీదు.

"ఆగు. ముందు నెల తేల్చుకో, దీవి సంగతి తర్వాత" అన్నాను. నేనేమీ గజ ఈతగాణ్ని కాదు. అండమాన్‌లో కోర్సు చేసి, ఆ తర్వాత మరో మూడుసార్లు వెళ్లొచ్చాను, అంతే. అందులో తప్పులు చేసి నేర్చుకున్నవే ఎక్కువ. ఆ రాత్రి వాడికి గంటసేపు చెప్పిన మాటలే ఇవి.

నెల

నైరుతి రుతుపవనాలు మనకంటే ముందు అండమాన్‌ని తాకుతాయి. మే మూడో వారం దాటిందంటే అక్కడ వాన మొదలైనట్టే. ఇక సెప్టెంబర్ దాకా సముద్రం మన మాట వినదు. పడవలు కదలవు, కదిలినా నీళ్లు మసకగా ఉంటాయి. అక్టోబర్, నవంబర్‌లో వాన తగ్గినట్టే ఉంటుంది కానీ ఆ రోజుల్లోనే అక్కడ వాయుగుండాలు పుడతాయి. డిసెంబర్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. 2016 డిసెంబర్ మొదటి వారంలో, తర్వాత వార్దా తుపానుగా మారి చెన్నైని కొట్టిన ఆ వాయుగుండం వల్లే హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. ఫెర్రీలు ఆగిపోయాయి. చివరికి నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.

కాబట్టి అండమాన్‌కి జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. అందులోనూ ఫిబ్రవరి, మార్చి అయితే నేను కళ్లు మూసుకుని టికెట్ కొంటాను. సంక్రాంతి సెలవులకి వెళ్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అప్పుడు నీళ్లు బావున్నా జనం ఎక్కువ. ఫెర్రీ టికెట్లు ముందే తీసుకోకపోతే ఒకరోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే గడిచిపోతుంది. హేవ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్‌గా, పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడితే కంగారు పడకండి. అక్కడ జనం నోట్లో ఇంకా పాత పేర్లే.

లక్షద్వీప్ సంగతీ దాదాపు ఇంతే. వానాకాలం వదిలేసి, అక్టోబర్ నుంచి మే మొదటి వారాల వరకు. నీళ్ల స్వచ్ఛతలో అది అండమాన్ కంటే ఒక మెట్టు పైనే. కానీ ముందే పర్మిట్ తీసుకోవాలి. కొచ్చి నుంచి విమానమైతే అగత్తిలో దిగాలి. ఓడ అయితే ఓడ టైమే మన టైము. ఈసారి సెలవు నాలుగు రోజులే అనేవాళ్లకి అది పనికిరాదు.

పిల్లల సెలవులో, ఆఫీసు వాళ్లో జులైకే కట్టేస్తే అండమాన్ మీద ఆశ వదులుకోండి. థాయ్‌లాండ్‌లో సిమిలన్ దీవులని మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. అదే దేశంలో, అటువైపు సముద్రంలో ఉన్న కో టావో దీవి జులైలో బావుంటుంది. కొత్తగా కోర్సు చేసేవాళ్లు ఎక్కువగా అక్కడికే వెళ్తారు. మాల్దీవుల్లో జులైలోనూ డైవింగ్ ఆగదు. బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలో హనిఫారు దగ్గరికి మాంటా రేలనే పెద్ద చేపలు గుంపులుగా వచ్చేది ఆ నెలల్లోనే. కాకపోతే అక్కడ సిలిండర్‌తో దిగనివ్వరు, నీళ్ల మీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీల్చే స్నార్కెలింగ్ మాత్రమే. పైగా మాల్దీవుల్లో చాలా డైవ్‌లు రెండు దీవుల మధ్య ఉండే కాలువల్లో, ప్రవాహంలో చేసేవి. మొదటిసారి దిగేవాడికి మాల్దీవులు వద్దనే అంటాను. ఇరవై ముప్పై డైవ్‌లు అయ్యాక వెళ్తే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది.

తిథి కూడా చూడండి

ఇది చాదస్తం కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా ఎక్కువ. నీళ్లు జోరుగా ఇటూ అటూ కదులుతాయి, ప్రవాహం పెరుగుతుంది, అడుగున ఉన్న ఇసుక లేచి మసకబారుతుంది. అష్టమి, నవమి ప్రాంతంలో ఆ తేడా తగ్గి నీళ్లు నెమ్మదిస్తాయి. మనవాళ్లు అష్టమి నాడు ప్రయాణం వద్దంటారు గానీ కొత్త డైవర్‌కి అంతకంటే మంచి ముహూర్తం లేదు. నెల ఖాయం చేసుకున్నాక గోడ మీది క్యాలెండర్ చూసి, డైవ్ రోజులు అష్టమికి అటూ ఇటూ పడేలా పెట్టుకోండి.

మీరు దిగబోయేది ఎంత లోతు?

హేవ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్‌గా, పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడితే కంగారు పడకండి. అక్కడ జనం నోట్లో ఇంకా పాత పేర్లే.

కోర్సు చేసినవాళ్లకిచ్చే కార్డు లేకుండా దిగే ట్రయల్ డైవ్‌కి 12 మీటర్లే హద్దు. ఈత రాకపోయినా ఫర్వాలేదు, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి మీ సిలిండర్‌ని పట్టుకునే ఉంటాడు. పదేళ్లు నిండని పిల్లల్ని తీసుకెళ్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ల మీద తేలాలి. స్విమ్మింగ్ పూల్‌లో రెండు నెలలు ముందుగా అలవాటు చేసుకుని వెళ్తే అక్కడ టెన్షన్ ఉండదు.

హేవ్‌లాక్‌లో అందరూ గొప్పగా చెప్పే డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి చోట్లు 18 మీటర్ల కంటే లోతుకి వెళ్తాయి. "మీకు ఓపెన్ వాటర్ కార్డు ఉంది కదా, పర్లేదు రండి" అని ఎవరైనా తీసుకెళ్తుంటే వెనక్కి తగ్గండి. కొత్తవాళ్లకి ఒడ్డు నుంచే దిగే నీమో రీఫ్ చాలు. మోకాళ్ల లోతు నుంచి నడుచుకుంటూ వెళ్లి మునగొచ్చు. క్లౌన్ చేపలు అక్కడే కనబడతాయి.

ఫారం మీరే నింపండి

నా మొదటి కోర్సులో జరిగింది చెప్తాను. డైవ్ షాపులో కుర్రాడు మెడికల్ ఫారం తీసి, నన్ను ఒక్క ముక్క అడక్కుండా అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టేసి, సంతకం దగ్గర వేలు చూపించాడు. నేనూ పెట్టేశాను. అప్పటికి నాకు రెండు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ. పొద్దున మందుబిళ్ల వేసుకుంటే ముక్కు తెరుచుకుంది కదా అని దిగాను. మూడు మీటర్ల దగ్గర కుడి చెవిలో సూది గుచ్చినట్టయింది. ముక్కు నొక్కుకుని గాలి ఊదితే ఎడమ చెవి 'టప్'మంది, కుడిది కదల్లేదు. పైకి వెళ్దామని సైగ చేశాను. ఇన్‌స్ట్రక్టర్ కిందికి చూపించాడు. ఇంకో మీటరు దిగేసరికి తల పగిలిపోతుందేమో అనిపించింది. ఇక అతని కోసం చూడకుండా నెమ్మదిగా పైకి వచ్చేశాను. వారం రోజులు ఆ చెవిలో నీళ్లున్నట్టే ఉంది. తప్పు షాపువాళ్లదే అనలేను, సంతకం నాది.

పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. అంటే చెవిలో గాలి సగానికి కుదించుకుపోతుంది. అందులో మొదటి నాలుగైదు మీటర్లే కష్టం. నొప్పి మొదలవ్వకముందే, ప్రతి మీటరుకీ ఒకసారి చెవులు సర్దుకోవాలి. మీరు నీళ్ల కింద ఉండగానే జలుబు మాత్ర ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక ఇరుక్కుంటుంది. ఆ నొప్పి ఇంకా ఘోరం. జలుబు ఉంటే ఆ రోజు దిగొద్దు, ఎంత డబ్బు కట్టినా సరే.

ఉబ్బసం, ఫిట్స్, గుండె జబ్బు, బీపీ మందులు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, గర్భం, వీటిలో ఏది ఉన్నా ఇంటి దగ్గరే డాక్టర్‌కి చూపించి రాయించుకోండి. హేవ్‌లాక్ వెళ్లాక అలాంటి డాక్టర్ కోసం వెతకడం జరిగే పని కాదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, పాలసీలో ఆ పేరా చదివి చూడండి. ఫెర్రీలో కడుపు తిప్పేవాళ్లు వాంతుల బిళ్ల ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూసుకోవాలి. కొందరికి విపరీతంగా నిద్రమత్తు వస్తుంది, ఆ మత్తుతో నీళ్లలో దిగకూడదు.

షాపులో అడగాల్సినవి

డబ్బు కట్టేదాకా ఓడమల్లయ్య, కట్టాక బోడిమల్లయ్య. అందుకే ముందే అడగాలి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ట్రయల్ డైవ్‌లో ఒక్కరికి ఒక్కరే ఉండాలి. ఇద్దరికి ఒకరంటే నేను లేచి వచ్చేస్తాను. పడవలో ఆక్సిజన్ ఉందా? 'ఉంది' అంటే చూపించమనండి. డైవ్ తర్వాత ఒంట్లో బుడగలు పుట్టినవాళ్లని మళ్లీ ఒత్తిడిలో పెట్టి చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ దగ్గర్లో ఎక్కడ, అక్కడికి ఎలా తీసుకెళ్తారు? ఈ ప్రశ్నకి నసిగే షాపుని వదిలేయండి. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ ఇన్‌స్ట్రక్టర్ అయితే నంబరు అడిగి వాళ్ల వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. దానికి ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకున్నా ఫర్వాలేదు.

దిగేముందు సిలిండర్ తెరిచి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని, గాలి ఒత్తిడిని బార్‌లలో చూపే మీటరు వైపు చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు 200 దగ్గర కదలకుండా నిలబడాలి. పీల్చినప్పుడల్లా కిందికి ఊగుతుంటే సిలిండర్ సగమే తెరిచారన్నమాట. పైన బావుంటుంది, లోతుకెళ్లాక గాలి చాలదు. గాలికి నూనె వాసన, పొగ వాసన వస్తే ఆ సిలిండర్ వద్దని చెప్పండి. పైకి వచ్చి పడవెక్కేసరికి ముల్లు ఇంకా 50 దగ్గర ఉండాలి.

మన మగవాళ్లకో చిన్న మాట. గుబురు మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద ఒక సన్నటి గీత మేర కత్తిరించుకుంటే చాలు, మీసం పరువు పోదు.

నీళ్ల కింద ఒకే ఒక్క రూలు ప్రాణం లాంటిది: ఊపిరి బిగబట్టకూడదు. భయమేసినా, నవ్వొచ్చినా, మాస్క్‌లోకి నీళ్లొచ్చినా పీల్చడం వదలడం ఆగకూడదు. పది మీటర్ల దగ్గర బిగబట్టిన గాలి నీళ్ల పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. పైకి తొందరపడి రాకూడదు. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు. బోరు కొట్టినా ఆగాలి.

ఇక మొసళ్లు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ పక్కనే ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవుల దగ్గర, కాలువ నోళ్ల దగ్గర, బోర్డు పెట్టిన చోట సొంతంగా స్నార్కెలింగ్‌కి దిగకండి.

తిరుగు టికెట్

నన్నడిగితే అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే. నీళ్ల కింద శరీరంలోకి ఎక్కిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఈలోగా విమానమెక్కి పైకి వెళ్తే ఒత్తిడి తగ్గి అది బుడగలవుతుంది. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రెండు మూడు రోజులు వరసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేను 24 పెట్టుకుంటాను. ఆ చివరి రోజు హేవ్‌లాక్ నుంచి ఫెర్రీలో వచ్చేసి సెల్యులర్ జైలు చూడండి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. భోజనానికీ మాటకీ కరువుండదు. డైవ్ తర్వాత ఒక రోజులోపు కీళ్ల నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిర్లు, అర్థం లేని నీరసం వస్తే పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లి డైవ్ చేశామని చెప్పాలి.

విశాఖవాళ్లు కూడా వినాలి. రుషికొండలో పొద్దున డైవ్ చేసి, అటే కారులో అరకు వెళ్లిపోవడం కూడా పనికిరాదు. అరకు 900 మీటర్ల ఎత్తు. శరీరానికి విమానమైనా ఘాట్ రోడ్డైనా ఒకటే.

నిన్న బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. జులై మానేసి మార్చికి మార్చుకున్నాడు. తిరుగు టికెట్ ముందు కొన్నాడు, చివరి డైవ్‌కీ దానికీ మధ్య ఒకరోజు ఖాళీ పెట్టాడు. హేవ్‌లాక్‌లో దిగే రోజు కూడా నేను చెప్పినట్టే చూసుకున్నాడట.

"అమ్మకి మాత్రం అష్టమి అని చెప్పకు బావా" అన్నాడు.