పేస్ట్ చేసిన కెర్నల్ క్రాష్ లాగ్‌ను స్క్రిప్టు సరిగ్గా చదవాలంటే ఏం చేయాలి?

సీరియల్ కన్సోల్ నుంచి నేరుగా పట్టుకున్న లినక్స్ ఊప్స్‌ను (కెర్నల్ క్రాష్ అయినప్పుడు రాసే రిపోర్టును) చదవడం ఏ స్క్రిప్టుకైనా తేలికే. మెయిల్లోంచో చాట్‌లోంచో తెచ్చి పేస్ట్ చేసిన దానితోనే చిక్కంతా.

ముందుగా వచ్చిన టెక్స్ట్‌ను ఉన్నదున్నట్టు ఒక ఫైల్లో దాచి, నకలు మీదే పని చేయించండి. లైన్ల మొదట ఉండే కోట్ గుర్తులు, టైమ్‌స్టాంపులు, హోస్ట్ పేర్లు తీసేయించండి. వెడల్పు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి అక్షరాలు లెక్కపెట్టి కోయొద్దు, ప్యాటర్న్‌తో పట్టుకోండి. చదరపు బ్రాకెట్లన్నీ ఒకేసారి తుడిచేయడం మాత్రం పెద్ద పొరపాటు: కాల్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) లైన్ చివరి బ్రాకెట్లో ఉండేది మాడ్యూల్ పేరు, అంటే కెర్నల్‌కు విడిగా తగిలించే భాగం పేరు. అది పోతే మాడ్యూల్లోని ఫంక్షన్ కోసం స్క్రిప్టు వీఎమ్‌లినక్స్‌లో (అసలు కెర్నల్ ఫైల్లో) వెతుకుతుంది.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది క్రాష్ అయిన చోటి మెషీన్ కోడ్ చూపే 'కోడ్' లైన్ మీద. ఎక్స్86 ప్రాసెసర్లలో అందులో 64 బైట్లుంటాయి: ముందు 42, తర్వాత < > మధ్య క్రాష్ అయిన ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు, ఆపైన 21. మెయిల్ ఈ లైన్‌ను రెండు మూడు ముక్కలు చేస్తుంది. కాబట్టి కింది లైన్లో రెండేసి హెక్స్ అంకెలే ఉన్నంతవరకు, మొత్తం 64 అయ్యేదాకా కలుపుకుంటూ పోవాలి. వెబ్ పేజీల్లో ఆ < > గుర్తులు ట్యాగ్ అనుకుని మాయమవుతుంటాయి. అప్పుడు 64 బైట్లూ ఉంటేనే 43వది గుర్తుగా తీసుకోండి, ఒక్కటి తగ్గినా 'తెలియదు' అని చెప్పించండి. ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్ల పొడవు మారుతూ ఉంటుంది. తప్పు బైటు దగ్గర మొదలుపెడితే డిసాసెంబ్లర్ (బైట్లను ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చి చూపే టూల్) నమ్మదగ్గట్టే కనిపించే అబద్ధపు కోడ్ చూపిస్తుంది. ఆర్మ్64 ప్రాసెసర్లలో బైట్లు కాదు, ఎనిమిదేసి హెక్స్ అంకెల పదాలుంటాయి, గుర్తు ( ). డిసాసెంబ్లర్‌కిచ్చే ఫైల్లోకి రాసేటప్పుడు ఒక్కో పదంలోని నాలుగు బైట్లను తిరగేసి రాయాలి.

కాల్ ట్రేస్‌లో ముడి అడ్రసులను నమ్ముకోవద్దు. కేఏఎస్‌ఎల్‌ఆర్ (కెర్నల్‌ను మెమరీలో యాదృచ్ఛికమైన చోట పెట్టే రక్షణ పద్ధతి) వల్ల అవి ప్రతి బూట్‌కీ మారతాయి. ఫంక్షన్ పేరు, ఆఫ్‌సెట్, సైజు తీసుకోండి. ఆ సైజు మీ వీఎమ్‌లినక్స్‌లోని ఫంక్షన్ సైజుతో కలవకపోతే అది ఆ బిల్డ్ కాదు. అక్కడే ఆపి ఎర్రర్ చూపించాలి. ట్రేస్‌లోవి రిటర్న్ అడ్రసులు, అంటే కాల్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌వి. అందుకే అడ్రసులోంచి ఒకటి తీసేసి సోర్స్ లైన్ నంబర్ వెతికించండి, లేకపోతే కింది లైన్ రావచ్చు. ఆర్‌ఐపి (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు ఉండే ఎక్స్86 రిజిస్టర్) చూపేది క్రాష్ అయిన చోటే కాబట్టి దానికి తీసేయకూడదు. ప్రశ్న గుర్తున్న ఎంట్రీలను వదిలేయకుండా, అనుమానాస్పదమని చూపండి.

చివరగా ఒకే ఊప్స్‌ను రకరకాలుగా పాడుచేసి (విరిగిన లైన్లు, పోయిన < >, కోట్ గుర్తులు) టెస్టులుగా పెట్టుకోండి. ప్రతిదానికీ జవాబు అదే రావాలి, లేదా స్పష్టమైన ఎర్రర్ రావాలి.