మూత్రాశయం నొప్పికి నరాల స్టిమ్యులేషన్: ఫలితం కనిపించకపోతే ఏం చూడాలి

మూత్రసంచి నిండేకొద్దీ నొప్పి, పోసుకోగానే కాస్త ఉపశమనం, కల్చర్ టెస్టులో ఇన్ఫెక్షన్ లేదు. ఇలా నెలల తరబడి బాధపడి, మందులతో, ఆహార మార్పులతో తగ్గకపోతే డాక్టర్లు నరాల స్టిమ్యులేషన్ మాట ఎత్తుతారు. చీలమండ దగ్గర సన్నటి సూదితో టిబియల్ నరానికి కరెంటు ఇవ్వడం ఒక పద్ధతి. నడుం కింద, వెన్నెముక చివర నుంచి వచ్చే ఎస్3 నరం పక్కన తీగ ఉంచి, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న యంత్రం పెట్టడం ఇంకొకటి.

సమస్య: చీలమండ సూదితో నాలుగైదు వారాలైనా తేడా లేదు.

కారణం: ఇది నెమ్మదిగా పనిచేసే వైద్యం. వారానికోసారి, అరగంట చొప్పున, 12 వారాలు ఇస్తారు. మధ్యలో మానేస్తే పనిచేసిందో లేదో తేలదు.

పరిష్కారం: కోర్సు పూర్తి చేయండి. కరెంటు ఇచ్చినప్పుడు బొటనవేలు వంగాలి, లేదా పాదంలో జివ్వుమనాలి. సూది దగ్గర నొప్పి తప్ప ఇంకేమీ తెలియకపోతే అప్పుడే చెప్పండి, సూది చోటు మారుస్తారు.

సమస్య: పర్మనెంట్ యంత్రం పెట్టే ముందు తాత్కాలికంగా చేసి చూసే ట్రయల్‌లో బాత్రూమ్‌కి పరుగులు తగ్గాయి, నొప్పి మాత్రం అలాగే ఉంది.

కారణం: ఇది చాలామందికి ముందుగా చెప్పని విషయం. చర్మం కింద పెట్టే ఈ యంత్రానికి అమెరికా వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతి ఇచ్చింది మూత్రం ఆపుకోలేకపోవడానికి. మాటిమాటికీ మూత్రం రావడానికి, అడ్డేమీ లేకపోయినా మూత్రం నిలిచిపోవడానికి 1999లో ఇచ్చింది. నొప్పి ఒక్కటే ఉన్నవాళ్ల కోసం ఇచ్చిన అనుమతులు కావివి. నొప్పికి వేరే మూలమూ ఉండొచ్చు: సంచి లోపల హన్నర్ పుండ్లు, బిగుసుకుపోయిన కటి కండరాలు. మూత్రంలో చీము కణాలున్నా కల్చర్‌లో ఏమీ రాకపోతే, మన దగ్గర టీబీ అనుమానం కూడా తీర్చుకోవాలి.

పరిష్కారం: పర్మనెంట్ యంత్రానికి ఒప్పుకునే ముందు డైరీ రాయండి. బాత్రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్లారో ఒక వరుసలో, నొప్పి పదికి ఎంతో ఇంకో వరుసలో. సాధారణంగా లక్షణాలు సగమైనా తగ్గితేనే ముందుకెళ్తారు. మీకు నొప్పే ముఖ్యమైతే ఆ సగం నొప్పిలోనే కనిపించాలని గట్టిగా అడగండి. పుండ్లుంటే సిస్టోస్కోపీలో (మూత్రసంచిలోకి కెమెరా గొట్టం పంపి) చూసి, కాల్చడమో, స్టెరాయిడ్ ఇంజెక్షనో ముందు చేయించుకోవాలి. కండరాలు బిగుసుకుంటే వాటిని వదులు చేసే ఫిజియోథెరపీ కావాలి. కటి కండరాలను బిగించే కెగెల్ వ్యాయామాలు అప్పుడు నొప్పిని పెంచొచ్చు.

సమస్య: మొదట్లో బాగుంది, ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది.

కారణం: జివ్వుమనడం ఎక్కడ తెలుస్తోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మలద్వారం, జననాంగాల దగ్గర తెలిస్తే తీగ సరైన చోటే ఉన్నట్టు. కాలిలోకి దిగితే, ముఖ్యంగా కింద పడ్డాక అలా మొదలైతే, తీగ జరిగి ఉండొచ్చు. అసలేమీ తెలియకపోతే యంత్రం ఆఫ్ అయిందేమో, బ్యాటరీ అయిపోయిందేమో చూడాలి. కొన్ని ప్రోగ్రాముల్లో కరెంటు తెలియకుండానే పనిచేస్తుంది కాబట్టి, ముందు రిమోట్ చూసుకోండి.

పరిష్కారం: చాలాసార్లు ప్రోగ్రామ్ మారిస్తే సరిపోతుంది, కోత అక్కర్లేదు. అయినా కుదరకపోతే ఎక్స్‌రే తీసి, తీగ జరిగి ఉంటే మళ్లీ సర్దుతారు. షాక్ కొట్టినట్టుంటే వెంటనే ఆఫ్ చేసి డాక్టరుకు ఫోన్ చేయండి. కోత దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: వేరే నొప్పికి ఫిజియోథెరపీ, స్కానింగ్ రాశారు.

పరిష్కారం: ఒంట్లో యంత్రం ఉందని ముందే చెప్పండి. ఫిజియోథెరపీలో ఒంటి లోపలికి వేడి పంపే షార్ట్‌వేవ్ డయాథెర్మీ అస్సలు పనికిరాదు, తీగ వేడెక్కి లోపల కణజాలం కాలిపోవచ్చు. ఎంఆర్‌ఐ మీ మోడల్‌ని బట్టి ఉంటుంది. యంత్రంతో ఇచ్చిన కార్డు స్కానింగ్ సెంటర్‌లో చూపించి, వాళ్లు సరేనన్నాకే లోపలికి వెళ్లండి.