తీసేసినా తిరిగొచ్చే ప్రింటర్ క్యూ: నా అనుభవం

ఆఫీసులో పాత ప్రింటర్ మార్చేసినా దాని పేరుతో ఉన్న క్యూ (ప్రింట్లు వరుసలో నిలిచే చోటు) మాత్రం అన్ని కంప్యూటర్లలో అలాగే ఉండిపోయింది. ఎవరో ఒకరు దానికే ప్రింట్ ఇవ్వడం, కాగితం రాక ఎదురుచూడడం. విండోస్‌లో మౌస్‌తో తీసేస్తే పోయినట్టే పోయి మళ్లీ కనిపించేది. కమాండ్ లైన్‌తో గానీ వదల్లేదు.

విండోస్‌లో అసలు అడ్డు లోపల ఇరుక్కున్న జాబ్, అంటే పూర్తికాని ప్రింట్ పని. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ప్రింట్ పనుల్ని వరుసలో నడిపే స్పూలర్ సర్వీసును ఆపడానికి ‘నెట్ స్టాప్ స్పూలర్’ ఇచ్చాను. సిస్టమ్32లో స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అనే ఫోల్డర్. అందులో ఆ జాబుల తాలూకు ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ ఫైళ్లు జంటగా పడి ఉన్నాయి. ఫోల్డర్ జోలికి పోకుండా ఆ ఫైళ్లు మాత్రం తీసేసి ‘నెట్ స్టార్ట్ స్పూలర్’ అన్నాను. తర్వాత విండోస్‌లోనే ఉండే మరో కమాండ్ విండో పవర్‌షెల్‌లో ‘రిమూవ్-ప్రింటర్’, పక్కన ప్రింటర్ పేరు. పేరు ‘గెట్-ప్రింటర్’ జాబితా నుంచి కాపీ చేసుకోవడమే మేలు. మధ్యలో ఖాళీలుంటే కోట్స్ తప్పనిసరి.

మ్యాక్, లైనక్స్ రెండింటిలోనూ ప్రింటింగ్ నడిపే సాఫ్ట్‌వేర్ కప్సే కాబట్టి పని ఒకటే: ‘క్యాన్సిల్ మైనస్ ఏ’తో జాబులు ఖాళీ చేసి, ‘ఎల్‌పీఅడ్మిన్ మైనస్ ఎక్స్’ పక్కన క్యూ పేరు ఇవ్వాలి.

ఉబుంటు లైనక్స్‌లో మాత్రం కాసేపటికి మళ్లీ ప్రత్యక్షమైంది! ‘ఎల్‌పీస్టాట్ మైనస్ వీ’ కొడితే ఆ క్యూ అడ్రస్ ‘ఇంప్లిసిట్‌క్లాస్’ అని మొదలైంది. అంటే అది కప్స్-బ్రౌజ్డ్ సర్వీసు పని. నెట్‌వర్క్‌లో ఎవరు ప్రింటర్ షేర్ చేసినా అది తనంతట తానే క్యూ పెట్టేస్తుంది. మా దగ్గర ఒక మ్యాక్ ఆ పాత పేరును ఇంకా షేర్ చేస్తోంది. అక్కడ తీసేశాకే ఇక్కడ పోయింది. షేరింగ్ మన చేతిలో లేకపోతే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ మైనస్ మైనస్ నౌ కప్స్-బ్రౌజ్డ్’ ఇచ్చి ఆ సర్వీసును ఆపాలి; క్యూ ఇంకా మిగిలి ఉంటే పైన చెప్పినట్టే తీసేయాలి.