పిల్లల పేర ఇల్లు రాసే ముందు

అనంతపురంలో మా వీధి అవ్వ ఒకామె ఉన్న ఒక్క ఇల్లూ కొడుక్కి రాసిచ్చేసి, ఇప్పుడు అదే ఇంటి వసారాలో గోనెపట్టా పరుచుకుని పడుకుంటోంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రాయొద్దని చెప్పడం లేదు. కానీ ఇల్లు రాసిచ్చే దానపత్రంలో, అంటే గిఫ్ట్ డీడ్‌లో 'మా తిండి, మందులు, ఉండే చోటు చూసుకోవాలి' అన్న షరతు తప్పకుండా పెట్టించండి. డాక్యుమెంట్ రైటర్ 'సొంత కొడుకే కదా పెద్దాయనా, అవన్నీ ఎందుకు' అన్నా వినకండి, సంతకం పెట్టే ముందు ఆ వాక్యం ఉందో లేదో ఎవరితోనైనా చదివించుకోండి. 60 ఏళ్లు నిండినవాళ్లు అలా రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. లాయర్ లేకుండా మీరే అర్జీ ఇవ్వొచ్చు. డీడ్ నకలు మాత్రం మీ ట్రంకు పెట్టెలోనే ఉంచుకోండి.